పొద్దున క్రేను, సాయంత్రం తాత వేషం

కిందటి నెల మా బృందం విశాఖ కళాభారతిలో ఒక నాటిక వేసింది. అప్పటినుంచి ఈ శీర్షికకి వస్తున్న ఉత్తరాల్లో సగానికి పైగా నాటిక గురించి కాదు, అందులో వేసినవాళ్ళ గురించే. సరే, ఈసారి అవే తీసుకుంటున్నాను. మిగతా ప్రశ్నలు అడిగినవాళ్ళు ఒక్క నెల ఓపిక పట్టండి.

*

ప్రశ్న: మేష్టారూ, మీ నాటిక చూశాం. పాత ఇల్లు అమ్మేద్దామని కొడుకులు, కుదరదని తాత, మధ్యలో నలిగిపోయే కోడలు. తాత తల వంచుకుని నడిచొస్తుంటే అచ్చం మా మావయ్యగారిని చూసినట్టే ఉంది. కరపత్రంలో మాత్రం పేర్లు తప్ప ఇంకేమీ లేదు. ఇంతకీ వీళ్ళంతా ఎవరండీ, సినిమావాళ్ళా? (ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ)

జవాబు: సినిమావాళ్ళు ఒక్కరూ లేరమ్మా. ఏడుగురూ మీ చుట్టుపక్కల తిరిగేవాళ్ళే, ఏదో ఒక రోజు ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సులో మీ పక్కనే నిలబడి ఉంటారు కూడా. పేర్లు మాత్రం ఇక్కడ రాయను, ఎందుకంటే ఆ రోజు ఆఫీసుకి ఇచ్చిన సెలవు చీటీలో వేరే కారణం రాసినవాళ్ళు అందులో ఇద్దరున్నారు.

తాతగా వేసినాయన పోర్టులో క్రేన్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. మొదటి వారం రిహార్సల్స్‌లో ఆయన ప్రతి ఎంట్రీకీ ముందు నేలవైపు చూసి, తర్వాత మెల్లగా ఎదుటి మనిషి మొహంలోకి చూసేవారు. నాకు అది తప్పనిపించి, తల ఎత్తి రండి, తల ఎత్తి రండి అని చంపుకుతిన్నాను. నాలుగో రోజు టీ తాగుతూ చెప్పారాయన: "బాబూ, ముప్పై ఏళ్ళు పైన క్యాబిన్లో కూచుని కిందున్న హుక్కుని, హుక్కు కింద మనుషుల్ని చూసిన మెడ ఇది. సరుకు ఎక్కడ దిగుతుందో చూసుకోకుండా తల ఎత్తితే మాకు నిద్రపట్టదు." ఆ తర్వాత నేను నోరెత్తలేదు. మీ మావయ్యగారిని గుర్తుచేసింది ఆ మెడే. రంగస్థలం ఆయనకి కొత్తేం కాదు, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎంప్లాయీస్ నాటకాల్లో పోలీసు వేషం వేసేవారట, ఒకే ఒక్క డైలాగు. ఆ డైలాగు వాళ్ళావిడకి ఇప్పటికీ కంఠతా వచ్చు, ఈయనకి రాదు.

కోడలు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఇదే ఆమె మొదటి నాటిక. రెండో సీనులో మామగారితో వాదిస్తూ దుప్పటి మడుస్తుంది చూశారా, మూలలు లాగి, ఒక్క ముడత లేకుండా? స్క్రిప్టులో అక్కడ గిన్నెలు సర్దాలని ఉంది. గిన్నెలు ఇస్తే చేతులు ఆగిపోయేవి, చేతులతోపాటు మాటా ఆగిపోయేది. పోనీ నీకు రోజూ అలవాటైన పని ఏదైనా చెయ్యమ్మా అన్నాను. దుప్పటి అందుకుంది. అంతే, చేతులు వాటి దారిన అవి పోతున్నాయి, మాట దాని దారిన అది వస్తోంది. ఇంకో సంగతి, వాళ్ళది శ్రీకాకుళం వైపు పల్లె. వాళ్ళ తాత తప్పెటగుళ్ళ బృందంలో ఆడేవాడట, గుండెల మీద రేకు తప్పెట కట్టుకుని తెల్లవార్లూ. ఈ అమ్మాయి డైలాగుకీ డైలాగుకీ మధ్య విరామాన్ని కాలి బొటనవేలితో లెక్కపెట్టుకుంటుంది. చీర కుచ్చిళ్ళ చాటున కాబట్టి మీకు కనపడదు, వింగ్‌లో నిలబడ్డ నాకు కనపడుతుంది.

ఇక అన్నదమ్ములు. పెద్దవాడు స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ, చిన్నవాడు రుషికొండ వైపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఒకాయన మెషీన్ల హోరులో మాట్లాడి మాట్లాడి గుడ్ మార్నింగ్ చెప్పినా కోట్లాటకి వచ్చినట్టే ఉంటుంది. రెండో ఆయన హెడ్‌సెట్‌లో మాట్లాడీ మాట్లాడీ గొంతు పళ్ళు దాటి బయటికి రాదు, మూడో వరుస దాకా కూడా వినపడదు. నెల రోజులు ఒకర్ని తగ్గించడానికీ ఒకర్ని పెంచడానికీ నా తంటాలు నేను పడ్డాను, చివరికి విసుగొచ్చి, పెద్దవాడు అరుస్తాడు, చిన్నవాడు గొణుగుతాడు, కథలో ఆ ఇంట్లో అంతే అని తేల్చేశాను. ప్రదర్శన అయ్యాక ఒక పెద్దమనిషి వేదికెక్కి, అన్నదమ్ముల స్వభావాల్లో తేడాని దర్శకుడు గొంతుల్లోనే చూపించాడని మెచ్చుకున్నారు. నేను వినయంగా నమస్కారం పెట్టాను. ఇన్నాళ్ళకి ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

ఇళ్ళ బ్రోకరు నిజంగా ఆటో నడుపుతాడు. బేరం ఆడటం అతనికి నేర్పక్కర్లేదు, ఆపటం నేర్పాలి. ప్రతి ప్రదర్శనకీ డైలాగు మారిపోతుంది, అతని సీను రాగానే మా ప్రాంప్టరు స్క్రిప్టు మూసి పక్కన పెట్టేస్తాడు. మనవరాలు తొమ్మిదో తరగతి. ఆ పిల్లకి బ్యాగ్రౌండ్ అంటే స్కూలు బ్యాగొక్కటే.

పక్కింటావిడ గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి. మా ఏడుగురిలో నాటకమే బతుకుతెరువైన మనిషి ఆవిడొక్కరే. పాతికేళ్ళుగా పద్యనాటకాల్లో చంద్రమతి, చింతామణి, ఏది పిలిస్తే అది. అమ్మ కూడా రంగస్థలమే. పద్యనాటకంలో అలవాటు ఏమిటంటే మైకు ముందు నిలబడి ప్రేక్షకుల వైపే తిరిగి పాడాలి. మాదేమో వంటిల్లు, వరండా, మామూలు మాటలు. ప్రేక్షకులకి వీపు పెట్టి కూర్చోమంటే ఆవిడకి అవమానంగా అనిపించింది, రెండు రోజులు రిహార్సల్‌కి రాలేదు. ఆ రెండు రోజులూ మేము ఆవిణ్ణి పాతకాలం మనిషి అనుకుని నవ్వుకున్నాం. ప్రదర్శన రోజు బి షిఫ్టుకి మనిషిని పెట్టుకుని బయల్దేరిన మా పెద్దకొడుకు గాజువాక ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాడు. నాటిక మొదలైపోయింది, అతని ఎంట్రీ టైము వచ్చేసింది, మనిషి లేడు. కోడలు బిక్కమొహం వేసింది. పక్కింటావిడ ఏం కంగారు పడకుండా, గోడ అవతలనుంచి తల పెట్టి, పొద్దున హార్బరులో వంజరం ధర ఎంత చెప్పారో, బేరమాడితే చేపలావిడ ఏమందో, ఇంటికొచ్చాక మొగుడు ఏమన్నాడో, మూడు నిమిషాలు ఏకధాటిగా చెప్పేసింది. జనం చప్పట్లు కొట్టారు. మీరూ కొట్టే ఉంటారు. అది స్క్రిప్టులో లేదమ్మా.

*

ప్రశ్న: నేను ఆంధ్రా యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ చదువుతున్నాను. ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు వేసే నాటకాల్ని మా ఫ్రెండ్స్ టైంపాస్ అంటారు. శిక్షణ లేకుండా నటన ఎలా వస్తుందండీ? (ఒక విద్యార్థి, పెదవాల్తేరు)

జవాబు: టైంపాస్ అన్న ఆ ఫ్రెండ్స్‌కి మీ యూనివర్సిటీ కథే చెప్పండి. అక్కడ రిజిస్ట్రారుగా చేసిన కూర్మా వేణుగోపాలస్వామిగారు క్యాంపస్‌లో నాటకాన్ని ఎలా నెత్తిన పెట్టుకున్నారో పాతవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. సినిమాల్లో మనల్ని అంత నవ్వించిన సాక్షి రంగారావు ఆ యూనివర్సిటీలోనే స్టెనోగ్రాఫరు. జె.వి. సోమయాజులు రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు, 1980లో 'శంకరాభరణం' సినిమాలో శంకరశాస్త్రిగా ఊరూరా తెలిసే నాటికే ఆయన, తమ్ముడు రమణమూర్తి కలిసి కన్యాశుల్కాన్ని ఎన్నో ఏళ్ళుగా ఆడుతున్నారు, రమణమూర్తి గిరీశం. ఇంకా వెనక్కి వెళ్తే మహానటుడు బళ్ళారి రాఘవ ప్లీడరు. ఆయన మేనమామ, నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులూ ప్లీడరే. మన ఊళ్ళోనే రావిశాస్త్రిగారు కోర్టులో వకీలు, 'నిజం' నాటకం రాశారు. తెలుగు నాటకాన్ని మోసిన భుజాల్లో చాలావాటికి పగలు వేరే బరువు ఉండేది.

అయితే మీ ప్రశ్నలో రెండో సగం ఉంది చూడండి, దానికి నేను తల వంచాల్సిందే. మా నర్సమ్మాయి మొదటి ప్రదర్శనలో ఏడిస్తే హాలంతా ఏడ్చింది. రెండోసారి ఆవిడ ఒక్కతే ఏడ్చింది. మూడోసారి ఎవరికీ ఏడుపు రాలేదు, ఆవిడకీ రాలేదు, దాంతో భయపడిపోయి డైలాగు మింగేసింది. నిజంగా బాధపడి నటించటం ఒకసారికి సరిపోతుంది, అదే బాధని వచ్చే ఆదివారం అనకాపల్లిలో ఆరుంపావుకి మళ్ళీ తెప్పించాలంటే దానికో పద్ధతి కావాలి. ఊపిరి ఎక్కడ పట్టాలి, వెలుగు ఎక్కడ పడుతోంది, మొహం ఎంత తిప్పాలి. అది నేర్పేది మీ క్లాసురూమే. మావాళ్ళకి వెలుగులో నిలబడటం ఇప్పటికీ రాదు, లైటు ఒకచోట ఉంటే మనిషి ఇంకోచోట ఉంటాడు. సాయంత్రాలు ఖాళీ ఉంటే ఒకసారి వచ్చి చెప్పండి బాబూ, టీ, మిరపకాయ బజ్జీ మా ఖర్చు.

*

ప్రశ్న: మా ఊళ్ళో చిన్న నాటక బృందం పెట్టాం. మొదటి ప్రదర్శనకి కరపత్రం వేయిస్తున్నాం. నటుల పరిచయం ఎలా రాయాలి? ఉద్యోగాలు రాస్తే బాగుంటుందా? (ఒక పాఠకుడు, అనకాపల్లి)

జవాబు: రాయండి. పైన మొదటి ఉత్తరం చూశారుగా, మేము రాయక నేనిప్పుడు ఇక్కడ ఇంత రాయాల్సి వచ్చింది. మనిషికి రెండు వాక్యాలు చాలు. ఏం పని చేస్తారు, రంగస్థలం మీదికి ఎలా వచ్చారు. "క్రేన్ ఆపరేటరుగా రిటైరయ్యారు, ఎంప్లాయీస్ నాటకాల్లో పోలీసు వేషంతో మొదలుపెట్టారు" అంటే చదివినవాడికి మనిషి కళ్ళముందు కనపడతాడు. "బహుముఖ ప్రజ్ఞాశాలి, కళామతల్లి ముద్దుబిడ్డ" అంటే ఎవరూ కనపడరు, ప్రింటింగ్ ప్రెస్సువాడు తప్ప. ఒక్క సినిమాలో పెళ్ళి భోజనాల బంతిలో కూర్చున్నవాణ్ణి "ప్రముఖ సినీ నటులు" అని మాత్రం వేయకండి, తెర లేవకముందే జనం అతన్ని గుర్తుపట్టాలని ప్రయత్నించి అలిసిపోతారు. అచ్చుకి ఇచ్చే ముందు ఎవరి వాక్యాలు వాళ్ళకి చూపించి సరేననిపించుకోండి. సెలవు చీటీల సంగతి చెప్పానుగా.

ఇంకోటి. ఇది నాకు ఒళ్ళుమండే విషయం. నాటకానికి ముందు మైకులో ఒకాయన వచ్చి, "మా కళాకారులు పగలంతా కష్టపడి, సాయంత్రం మీకోసం ముఖానికి రంగు వేసుకున్నారు, తప్పులుంటే పెద్దమనసుతో మన్నించండి" అంటాడు. ఎందుకండీ మన్నించాలి? ప్రేక్షకుడు కూడా పగలంతా కష్టపడే వచ్చాడు. హోటలువాడు, మా వంటమనిషి పొద్దున్నే లేచాడు, ఉప్పు ఎక్కువైతే సర్దుకోండి అంటే ఊరుకుంటామా? ఆ ఉద్యోగం, ఆ ఊరు, ఆ ఇల్లు నటుడికి పెట్టుబడి. మా దుప్పటి సీను చూడండి. పెట్టుబడిని తీసుకెళ్ళి జాలి అడుక్కోవటానికి వాడితే నటుడికీ చిన్నతనం, ఉద్యోగానికీ చిన్నతనం. మా బృందంలోనూ ఒకప్పుడు ఆ మైకు మాటలు చెప్పించేవాళ్ళం, ఆ మైకు పట్టుకున్నది కూడా నేనే. మానేసి చాలా ఏళ్ళయింది.

*

ప్రశ్న: నేను ఇంట్లోనే కుట్టుపని చేస్తాను. నాటకంలో వెయ్యాలని చిన్నప్పటినుంచీ కోరిక. మా ఇంట్లో "ఆడవేషాలకి బయటినుంచి ప్రొఫెషనల్స్‌ని తెచ్చుకుంటారు, నీకెందుకు" అంటున్నారు. నిజమేనా? (ఒక సోదరి, గాజువాక)

జవాబు: నిజమేనమ్మా, చాలా బృందాలు ఇప్పటికీ అంతే చేస్తాయి. మగవాళ్ళందరూ ఊళ్ళోవాళ్ళు, స్త్రీ పాత్రకి మాత్రం ఏ ఊరినుంచో ఒక నటి, ప్రదర్శనకి ఇంత అని మాట్లాడుకుని. ఆవిడ చివరి రెండు రిహార్సల్స్‌కి వస్తుంది, అయినా మనకంటే బాగా చేస్తుంది, అది వేరే విషయం. ఇదంతా ఎక్కడినుంచి వచ్చిందంటే, ఒకప్పుడు ఆడవేషం కూడా మగవాళ్ళే కట్టేవారు. స్థానం నరసింహారావుగారు సత్యభామగా, చింతామణిగా వేస్తే ఆడవాళ్ళే ఆ నడక చూసి నేర్చుకున్నారంటారు, 1956లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. కానీ 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభివాళ్ళ సంగతి వేరు, కుటుంబం కుటుంబమే నాటకం కాబట్టి వాళ్ళ ఆడపిల్లలు ఆడవేషాలు వేశారు. మిగతా ఊళ్ళలో బళ్ళారి రాఘవలాంటివాళ్ళు చదువుకున్న స్త్రీలని రంగం మీదికి రమ్మని పోరాడాల్సి వచ్చింది.

ఇప్పుడు అడ్డం వచ్చేది కళ కాదమ్మా, టైము. రిహార్సల్ ఎనిమిదికి మొదలై పదిన్నరకి అవుతుంది. సిరిపురం నుంచి గాజువాక ఆ వేళప్పుడు ఎలా వెళ్తారు? అందుకే ఏ బృందంలో చేరినా ముందు వేషం గురించి అడగకండి, రాత్రి ఇంటిదగ్గర దించేది ఎవరు అని అడగండి. దానికి గబుక్కున జవాబు రాకపోతే ఆ బృందం మీకొద్దు. మేము స్త్రీల సీన్లు ముందు చేసి మిగతావాళ్ళకంటే ముందే పంపేస్తాం, దించేది మా బ్రోకరు ఆటోనే, మీటరు వెయ్యడు. కుట్టుపని అన్నారు కదా, ఏ బృందమైనా మిమ్మల్ని వదులుకోదు. అలాగని జాకెట్లు కుట్టించుకుని వేషం ఇవ్వకుండా తిప్పితే మాత్రం ఒప్పుకోకండి, అలాంటివాళ్ళూ ఉన్నారు.

*

ప్రశ్న: మాది పలాస దగ్గర. విశాఖ వచ్చి ఒక బృందంలో చేరాను. డైలాగు చెప్తే "ఆ యాస తగ్గించు" అని అందరి ముందూ అంటున్నారు. సిగ్గుగా ఉంటోంది. (ఒక యువకుడు, మద్దిలపాలెం)

జవాబు: తమ్ముడూ, ఈ పాపం నేనూ చేశాను కాబట్టి చెప్తున్నాను. చాలా ఏళ్ళ కిందట మీవైపు కుర్రాడొకడు మా దగ్గరికొచ్చాడు. "ఏటి బావా ఎలగున్నావు" అంటే వినటానికి ఎంతో బాగుండేది, నేనేమో పోటీలకి వెళ్తున్నాం, న్యాయనిర్ణేతలు ఉచ్చారణకి మార్కులు కోస్తారని ప్రతి "ఏటి"నీ "ఏమిటి" చేయించాను. పదిహేను రోజుల్లో అతని మాటలో యాస పోయింది, దాంతోపాటు జీవమూ పోయింది. పదహారో రోజు అతను రాలేదు. పోటీల్లో మాకు ఉచ్చారణకి మార్కులు బాగానే వచ్చాయి, ప్రైజు రాలేదు.

గురజాడ కన్యాశుల్కం 1892లో మొదటిసారి ఆడింది ఎక్కడ? ఇక్కడికి గంటన్నర దూరంలో విజయనగరంలో. అందులో మనుషులు ఇంట్లో మాట్లాడుకున్నట్టే మాట్లాడతారు. ఇంతవరకూ ఎవరైనా గిరీశాన్ని భాష మార్చుకోమన్నారా? మీ దర్శకుడిని ఒక్కటే అడుగు, ఈ పాత్రది ఏ ఊరు అని. గుంటూరు అంటే అతను చెప్పినట్టు నేర్చుకో, అదీ నటనలో భాగమే, సిగ్గుపడాల్సిందేమీ లేదు. మన ఉత్తరాంధ్రే అంటే, సరి చేసుకోవాల్సింది మిగతావాళ్ళు.

*

ప్రశ్న: నటులకి డబ్బులిస్తారా? (ఒక పాఠకుడు, కంచరపాలెం)

జవాబు: పక్కింటావిడకి ఇస్తాం, ఆవిడకి అదే వృత్తి కాబట్టి. మిగతావాళ్ళకి దారిఖర్చులు, రాత్రి టిఫిను. ప్రైజు మనీ వస్తే హాలు అద్దెకీ, మేకప్ ఆయనకీ పోగా మిగిలింది పంచుకుంటాం. మిగలటం నేను రెండుసార్లు చూశాను.

*

ప్రశ్న: నాకు నలభై ఏడేళ్ళు. షిఫ్టు డ్యూటీలు. స్టేజీ ఎక్కింది ఒకే ఒక్కసారి, ఏడో తరగతిలో, అప్పుడు డైలాగు మర్చిపోయి దిగొచ్చేశాను. ఇప్పుడు మొదలుపెట్టొచ్చా? టెన్షన్‌గా ఉంది. (ఒక కార్మికుడు, కూర్మన్నపాలెం)

జవాబు: మీ ఉత్తరం కోసమే నేను నెల నుంచి ఎదురుచూస్తున్నట్టుంది. మా పెద్దకొడుక్కి డూప్లికేట్ కావాలి. బి షిఫ్టు పడిన వారం అతనికి మనిషి దొరకట్లేదు, చేపల ధరతో ప్రతిసారీ నెట్టుకురాలేం. డైలాగు మర్చిపోతే ఏం చెయ్యాలో పక్కింటావిడ నేర్పుతుంది, ఫీజు లేదు. ఆదివారం సాయంత్రం ఆరింటికి పౌర గ్రంథాలయం మెట్ల దగ్గరికి రండి, చేతిలో పాత గొడుగు పట్టుకుని తల వంచుకుని నిలబడ్డ పెద్దాయన కనపడతారు, ఆయనే తాత. వచ్చేటప్పుడు ఈ నెల షిఫ్టు చార్టు తెచ్చుకోండి. మీసం ఉంటే మాత్రం ఇంట్లో ముందే చెప్పి ఉంచండి, అది తీయాల్సి వస్తుంది.